ఒక చేతిలో పానా, ఒక చేతిలో పుస్తకం

(బీదరు జిల్లా మన్నళ్ళిలో యువజన కూడికలో మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



"మా పిల్లలకు చదువు గురించి నాలుగు మాటలు చెప్పండి" అని మమ్మల్ని పిలిచారు. చదువు గొప్పది అని మళ్ళీ చెప్పడానికి మేము రాలేదు. అది మీకు తెలియక కాదు. రెండు రోజులుగా మీ ఇళ్ళ మధ్య తిరిగాం. ఏ గడపలో కూర్చున్నా ఒకే ప్రశ్న ఎదురైంది. పదో తరగతి అయిన ఇంట్లో అదే, ఐటీఐ అయిన ఇంట్లో అదే, డిప్లొమా అయిన ఇంట్లోనూ అదే: పిల్లవాణ్ని పనికి పంపాలా, పై చదువుకు పంపాలా? ఒక తల్లి చెప్పిన మాట మమ్మల్ని వదలడం లేదు. "చదివిస్తే అప్పయ్యా, పనికి పంపితే తప్పయ్యా. ఏం చేయమంటారు?"

ఈ సాయంత్రం ఆ తల్లికి జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాం. పని, చదువు రెండూ కలిపి నడిపే దారి ఒకటి ఉంది. జీతమో స్టైపెండో తీసుకుంటూ ఇంజనీరింగు పట్టా వరకు వెళ్ళే దారి. దాన్ని ఎక్కువగా పొగడం, తక్కువ చేసి చెప్పం. ఎక్కడ గట్టి నేల ఉందో, ఎక్కడ గుంట ఉందో చూపిస్తాం.

బీదరు చూపించే రెండు చోట్లు

మీరు బీదరు కోట వైపు ఎన్నోసార్లు వెళ్ళి ఉంటారు. ఆ దారిలోనే మహమూద్ గవాన్ మదరసా ఉంది. 1472లో కట్టారు. దూర దేశాల నుంచి పండితులు వచ్చి పాఠాలు చెప్పిన విద్యాలయం అది. అదే ఊళ్ళో, ఆ పక్క సందుల్లోనే, బిద్రీ కార్ఖానాలు ఉన్నాయి. జింకులో కొద్దిగా రాగి కలిపి కరిగించి పోత పోస్తారు. ఉలితో గీతలు చెక్కి, అందులో వెండి తీగ పొదుగుతారు. చివరికి బీదరు కోట మట్టి కలిపిన ద్రావణంలో ముంచితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం మెరుస్తూ నిలుస్తుంది. ఏ లోహం ఏ మట్టికి ఎలా మారుతుందో అక్కడి ఉస్తాదుకు తెలుసు. అది రసాయన శాస్త్రం కాదా? అయినా ఆయన పక్కన కూర్చుని పదేళ్ళు నేర్చుకున్న కుర్రవాడికి ఎవరూ పట్టా ఇవ్వలేదు.

ఒకే ఊళ్ళో చదువుకు ఒక గుమ్మం, పనికి మరో గుమ్మం. మన దేశంలో ఈ రెండు గుమ్మాల మధ్య గోడ కట్టింది కులం. చేత్తో పనిచేసేవాడు పుస్తకం ముట్టకూడదు, పుస్తకం పట్టినవాడు చేతికి మట్టి అంటించుకోకూడదు. తోలు శుద్ధి చేసే మన తాతలకు తోలు గుణం ఎంత తెలుసో ఏ పుస్తకమూ రాసుకోలేదు. అందుకే పని, చదువు కలపడం అనేది మాకు ఉద్యోగం గురించిన మాట మాత్రమే కాదు. ఆ గోడను పడగొట్టే పని కూడా.

ఎఫెసులో ఒక పనివాడు

పౌలు డేరాలు కుట్టేవాడని మనందరికీ తెలుసు. కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి ఆ పని చేశాడని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో ఉంది. ఎఫెసు సంగతి మాత్రం చాలామంది గమనించరు. 19వ అధ్యాయం చూడండి. ఎఫెసులో తురన్ను అనే ఆయన పాఠశాలలో పౌలు రెండేళ్ళ పాటు ప్రతిదినం బోధించాడు. 20వ అధ్యాయానికి రండి. ఆ ఎఫెసు పెద్దలతోనే, తన అవసరాలూ తన తోటివారి అవసరాలూ తన చేతులే తీర్చాయని చెప్పాడు. అదే ఊరు, అదే మనిషి. ఒక పూట సూది, ఒక పూట పాఠశాల.

నిర్గమకాండము 31వ అధ్యాయంలో బెసలేలు ఉన్నాడు. బంగారం, వెండి, ఇత్తడి, రాయి, కర్ర, అన్నిటిలో పనిచేసే నేర్పు ఆయనకు దేవుని ఆత్మ వల్ల కలిగిందని అక్కడ రాసి ఉంది. బైబిలు మొదటి పుటల్లోనే ఆత్మతో నింపబడ్డాడని పేరు పొందిన మనిషి ఒక పనివాడు. కాబట్టి "మా వాడు వర్క్‌షాపులో పని చేస్తున్నాడు" అని చెప్పడానికి ఏ తల్లీ తల దించుకోనక్కర లేదు.

ఈ దారి ఎక్కడ పుట్టింది

అమెరికాలో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఆచార్యుడు 1906లో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. ఇంజనీరింగు విద్యార్థులు కొంత కాలం తరగతిలో, కొంత కాలం కర్మాగారంలో. జర్మనీలో 1974లో స్టుట్‌గార్ట్, మాన్‌హైమ్ నగరాల్లో ఇలాంటి విద్యాలయాలు తెరిచారు. అక్కడ మూడు నెలలు చదువు, మూడు నెలలు కంపెనీ. రెండు కాలాల్లోనూ కంపెనీ జీతం ఆగదు. ఆ విద్యాలయాలే 2009లో ఒక విశ్వవిద్యాలయంగా మారాయి. ఇంగ్లండులో 2015లో డిగ్రీ అప్రెంటిస్‌షిప్ అనే పేరుతోనే ఈ ఏర్పాటు వచ్చింది. అక్కడ పిల్లవాడు కంపెనీ ఉద్యోగి. విశ్వవిద్యాలయం ఫీజు యజమాని, ప్రభుత్వం భరిస్తారు. పిల్లవాడు రూపాయి కట్టడు, అప్పు చేయడు. చివరికి పట్టా, అనుభవం రెండూ చేతికొస్తాయి.

వినడానికి చాలా బాగుంది. మరి మన దగ్గర?

మన దగ్గర అప్రెంటిస్ చట్టం 1961లో వచ్చింది. మొదట ఐటీఐ తరహా పనులకే. 1973లో సవరించి ఇంజనీరింగు పట్టా, డిప్లొమా ఉన్నవారిని చేర్చారు. 2019 నిబంధనల్లో డిగ్రీ చదువులో భాగంగా అప్రెంటిస్‌గా పనిచేసేవారికి కూడా చోటిచ్చారు. 30 మంది, ఆ పైన పనివాళ్ళున్న ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలన్నది చట్టం. దయ కాదు, బాధ్యత. ఈ మాట గుర్తుపెట్టుకోండి. గేటు దగ్గర నిలబడి అడిగేటప్పుడు మీరు భిక్ష అడగడం లేదు.

2020 ఫిబ్రవరిలో కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో, 150 ఉన్నత విద్యా సంస్థల్లో అప్రెంటిస్‌షిప్ కలిసిన డిగ్రీ, డిప్లొమా కోర్సులు తెస్తామన్నారు. అదే ఏడాది యూజీసీ మార్గదర్శకాలు వచ్చాయి. కానీ ఇంగ్లండులో లాగా ఫీజంతా యజమాని కట్టి, నాలుగేళ్ళూ జీతమిచ్చే ఇంజనీరింగు డిగ్రీ మన పల్లె పిల్లవాడి ముందు ఈ రోజు తలుపు తెరిచి లేదు. ఉన్నట్టు ఎవరైనా కరపత్రం పంచితే ఒకటికి రెండుసార్లు అడగండి. మన దగ్గర ఉన్నది మెట్లు మెట్లుగా ఎక్కే దారి.

మన్నళ్ళి నుంచి నాలుగు మెట్ల దారులు

మొదటిది, ఐటీఐ నుంచి. ఐటీఐ అయ్యాక ట్రేడ్ అప్రెంటిస్‌గా చేరి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ సంపాదించవచ్చు. ఐటీఐ పాసైనవారికి పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరే వీలుంది. ఐటీఐ అంటే చదువుకు ముగింపు అనుకోకండి. అది పక్క తలుపు.

రెండోది, డిప్లొమా నుంచి. డిప్లొమా పాసైన వారు నాట్స్ అనే జాతీయ పథకం కింద ఒక సంవత్సరం అప్రెంటిస్‌గా చేరవచ్చు. ఈ పథకంలో కనీస స్టైపెండులో సగం కేంద్రం భరిస్తుంది. కర్ణాటక, తెలంగాణ, ఆంధ్ర మూడింటికీ చెన్నైలోని దక్షిణ ప్రాంత శిక్షణ మండలే పెద్ద. సరిహద్దు ఊరి పిల్లలకు ఇది పెద్ద మేలు. 1956 దాకా జహీరాబాద్, నారాయణఖేడ్ మన బీదరు జిల్లాలోనే ఉండేవి. రాష్ట్రాలు విడదీశాక మన పిల్లలు రెండు వైపులా పరాయివాళ్ళయ్యారు. కాలేజీ సీటుకు స్థానికత అడ్డొస్తుంది, అప్రెంటిస్ చోటుకు చాలా సంస్థల్లో ఆ గీత అడ్డు రాదు. బీదరులో కొల్హార్ పారిశ్రామిక ప్రాంతం, జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం, ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం, రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, ఇవన్నీ మన బస్సు దారిలోనే ఉన్నాయి.

మూడోది, పని చేస్తూ బీటెక్. డిప్లొమా ఉండి ఉద్యోగంలో ఉన్నవారు బీటెక్ రెండో సంవత్సరంలో చేరి, సాయంత్రాలు, సెలవు రోజుల్లో చదువుకునేలా కాలేజీలకు ఏఐసీటీఈ అనుమతిస్తోంది. కనీసం ఏడాది అనుభవం అడుగుతారు, పనిచేసే చోటు కాలేజీకి దగ్గరలో ఉండాలంటారు. ప్రతి కాలేజీలో ఈ ఏర్పాటు లేదు. బీదరులో 1980 నుంచి ఇంజనీరింగు కళాశాల ఉంది, గుల్బర్గాలో ఉన్నాయి, సంగారెడ్డి వైపు చాలా ఉన్నాయి. వెళ్ళి, ఈ అనుమతి ఈ సంవత్సరానికి ఉందా అని కాగితం చూపించమని అడగండి. బిట్స్ పిలానీ కూడా 1979 నుంచి పనిచేసేవారి కోసం కోర్సులు నడుపుతోంది. అక్కడ ఫీజు ఎక్కువ. కంపెనీ భరిస్తే తప్ప మనకు భారం.

నాలుగోది, ఇంటర్ లేదా పీయూసీ తర్వాత కంపెనీయే తీసుకుని, శిక్షణ ఇచ్చి, పనిలో పెట్టుకుని, పక్కన డిగ్రీ చదివించేది. హెచ్‌సీఎల్ టెక్‌బీ అలాంటిది. తెలుగు రాష్ట్రాల ఇంటర్ పిల్లలు కొందరు అందులో చేరారు. గణితంలో గట్టి మార్కులుండాలి. అక్కడ వచ్చే డిగ్రీ ఏదో, అది బీటెక్కేనా కాదా, ముందే తెలుసుకోవాలి.

ఒక జాగ్రత్త. అప్రెంటిస్ సంవత్సరం, రెగ్యులర్ కాలేజీ రెండూ ఒకేసారి కుదరవు. వరుస ఇది: డిప్లొమా, తర్వాత అప్రెంటిస్ ఏడాది, తర్వాత చిన్నదో పెద్దదో ఉద్యోగం, దాని పక్కన సాయంత్రం బీటెక్.

మా వాళ్ళు ఇద్దరు

ఇప్పుడు మేము బాగా ఎరిగిన ఇద్దరి సంగతి చెప్తాం. పేర్లు చెప్పం, ఊళ్ళు చెప్పం.

మొదటివాడు మెకానికల్ డిప్లొమా. ఫస్ట్ క్లాసు. ఇంటి అప్పు చూసి, ఒక కాంట్రాక్టరు మాట నమ్మి ఒక ఫ్యాక్టరీలో చేరాడు. మెడలో వేసిన బిళ్ళ మీద "ట్రైనీ" అని ఉంది. ఇంట్లో అందరం "అప్రెంటిస్" అనుకున్నాం. ఒప్పంద పత్రం ఉందా అని మేమూ అడగలేదు. ఆ తప్పు మాది కూడా. ఎనిమిది గంటలన్నది పన్నెండు గంటలైంది. ఏడాది అన్నది మూడేళ్ళైంది. బీటెక్ ప్రవేశ పరీక్ష రోజున సెలవు ఇవ్వలేదు. ఆ సంవత్సరం పోయింది. మరుసటి ఏడు, వరుసగా రెండు షిఫ్టులు చేసిన రాత్రి ప్రెస్సు దగ్గర చెయ్యి పెట్టాడు. రెండు వేళ్ళు పోయాయి. ఫ్యాక్టరీ వాళ్ళు "మా మనిషి కాడు, కాంట్రాక్టరు మనిషి" అన్నారు. కాంట్రాక్టరు "శిక్షణకు వచ్చాడు, పనికి కాదు" అన్నాడు. కాగితం మీద ఆ పిల్లవాడు ఎవరి మనిషీ కాడు.

రెండో ఆమె ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంది. ఏడు నెలలు పిలుపు రాలేదు. వచ్చాక ఒక ప్రభుత్వ రంగ సంస్థలో ఏడాది అప్రెంటిస్. ఆ సంస్థ ఉద్యోగం ఇవ్వలేదు. ఇవ్వాలని చట్టంలో లేదు కూడా. కానీ శిక్షణ మండలి ఇచ్చిన సర్టిఫికెట్ చూపించి ఒక చిన్న కంపెనీలో టెస్టింగు పనిలో చేరింది. తర్వాత సాయంత్రం బీటెక్. మూడేళ్ళది ఐదేళ్ళు పట్టింది. ఒకసారి గణితం పోయింది, ఒకసారి తండ్రికి జబ్బు చేసింది. వాళ్ళమ్మ మహిళా సంఘంలో రెండుసార్లు అప్పు తీసుకుని ఫీజు కట్టింది. ఇప్పుడు ఆమె నాణ్యత విభాగంలో ఇంజనీరు. ఆమెను ఏమొచ్చిందమ్మా అని అడిగితే, "నిద్ర పోయింది గానీ అన్నా, భయం కూడా పోయింది" అంది.

ఇద్దరిలో తెలివికి తేడా లేదు. కష్టపడే గుణానికి తేడా లేదు. మాకు కనబడ్డ తేడా ఒక్కటే. ఆమె చేతిలో నమోదైన ఒప్పందం ఉంది, అతని చేతిలో లేదు.

గంటల లెక్క, రూపాయల లెక్క

వారానికి 168 గంటలు. అందరికీ అంతే. పని 48. బస్సులో రోజుకు రెండు గంటలు, ఆరు రోజులకు 12. నిద్ర రోజుకు ఏడు చొప్పున 49. తిండి, స్నానం, బట్టలు 14. మొత్తం 123. మిగిలేది 45. సాయంత్రం తరగతులు వారానికి 15, సొంతంగా చదవడం 12 అనుకోండి. ఇక 18 గంటలు. ఆదివారం ఆరాధనకు నాలుగు. ఇంటికి, స్నేహితులకు, జ్వరానికి, బట్ట చినిగితే కుట్టుకోవడానికి 14 గంటలు. బిగుతుగానే ఉంది గానీ బతకవచ్చు.

ఇందులోకి ఓవర్‌టైము రానీయండి. రోజుకు నాలుగు గంటలు, వారానికి నాలుగు రోజులు, 16. మిగిలిన 14 గంటలూ పోయి, ఇంకో రెండు నిద్రలోంచి కోసుకోవాలి. పరీక్షలు దగ్గరపడితే ముందు పోయేది నిద్ర, తర్వాత తరగతి, తర్వాత చదువు మొత్తం. చట్టం ఈ సంగతి ముందే ఆలోచించింది. అప్రెంటిస్ చేత అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి లేకుండా ఓవర్‌టైము చేయించకూడదు. పిల్లవాడు సరేనన్నా చేయించకూడదు.

ఇక రూపాయలు. 2019 నిబంధనల ప్రకారం కనీస స్టైపెండు చదువును బట్టి నెలకు రూ.5,000 నుంచి రూ.9,000. డిప్లొమా వారికి రూ.8,000, డిగ్రీ వారికి రూ.9,000. ఈ మొత్తాలను 36 శాతం పెంచమని కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 2025 మేలో సిఫారసు చేసింది. మీరు చేరే రోజుకు ఏది అమల్లో ఉందో పోర్టల్‌లో చూసుకోండి. రూ.8,000 అనుకుని ఒక లెక్క వేద్దాం. గదిలో వాటా 2,000, తిండి 3,500, బస్సు 1,000, ఫోను 300. మొత్తం 6,800. నెలకు మిగిలేది 1,200. ఏడాదికి 14,400. దీంతో బీటెక్ ఫీజు తీరదు. అబద్ధం చెప్పం. అయితే ఇంటి నుంచి పైసా తెప్పించుకోకుండా ఒక ఏడాది బతకవచ్చు, పని నేర్చుకోవచ్చు, వడ్డీకి అప్పు చేయకుండా ఉండవచ్చు. పేద ఇంటికి అప్పు పెరగకుండా ఒక ఏడాది గడవడం చిన్న సంగతి కాదు.

సంతకం పెట్టే ముందు

యాకోబు లాబాను దగ్గర పనికి కుదిరాడు. ఏడేళ్ళు చేశాక మాట మారింది. జీతం పదిసార్లు మార్చాడని యాకోబే వాపోయాడు. సొంత మేనమామే అలా చేస్తే, పరిచయం లేని కాంట్రాక్టరు మాట ఎంతవరకు నమ్ముతాం? కాబట్టి ఈ ఏడు ప్రశ్నలు రాసుకోండి.

ఒకటి. నా అప్రెంటిస్ ఒప్పందం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు అవుతుందా? నంబరు ఏది? నంబరు లేకపోతే మీరు అప్రెంటిస్ కారు.

రెండు. ఒప్పందంలో యజమాని ఎవరు? ఫ్యాక్టరీయా, మధ్యవర్తియా?

మూడు. ఎన్ని నెలలు? ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగుస్తుంది?

నాలుగు. స్టైపెండు బ్యాంకు ఖాతాలో పడుతుందా? ఒక నెలది మరుసటి నెల 10వ తేదీలోగా ఇవ్వాలన్నది నియమం.

ఐదు. నాకు నేర్పేది ఎవరు? ఏ యంత్రం మీద, ఏ నెలలో? ఏడాదంతా పెట్టెలు మోయిస్తే అది శిక్షణ కాదు.

ఆరు. దెబ్బ తగిలితే? అప్రెంటిస్‌లకు పీఎఫ్, ఈఎస్ఐ వర్తించవు. కానీ పనిలో ప్రమాదం జరిగితే పరిహారం ఇవ్వవలసిన బాధ్యత యజమానిదే. ఫ్యాక్టరీల ఆరోగ్య, భద్రత నియమాలు అప్రెంటిస్‌కూ వర్తిస్తాయి.

ఏడు. మధ్యలో మానేస్తే ఏం కట్టాలి? బాండు ఉందా? ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతున్నారా? నకళ్ళు ఇవ్వండి. ఒరిజినల్స్ ఎవరి బీరువాలోనూ పెట్టకండి.

తగాదా వస్తే అప్రెంటిస్‌షిప్ సలహాదారుకు రాయవచ్చు. ఆయన తీర్పు నచ్చకపోతే 30 రోజుల్లో పై మండలికి అప్పీలు చేయవచ్చు. ఒంటరిగా రాయకండి. మేము కూర్చుని రాయిస్తాం.

న్యాయం మాట

చట్టం మంచిదే అని ఇంతసేపు చెప్పాం. చట్టంలోని చీలిక కూడా చెప్పాలి. అప్రెంటిస్ అంటే నేర్చుకునేవాడే గానీ కార్మికుడు కాదని అదే చట్టం అంటుంది. ఈ ఒక్క మాటను అడ్డం పెట్టుకుని, పూర్తి పని చేయించుకుని సగం కూలి ఇచ్చేవారు ఉన్నారు. పర్మినెంటు మనిషి రిటైరైతే ఆ చోటులో ప్రతి ఏడాదీ ఒక కొత్త అప్రెంటిస్‌ను నిలబెట్టేవారు ఉన్నారు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం కూలివాని జీతం పొద్దు గుంకకముందే ఇవ్వమంటుంది. యాకోబు పత్రిక 5వ అధ్యాయం బిగబట్టిన కూలి దేవుని చెవిదాకా మొరపెడుతుందని హెచ్చరిస్తుంది. స్టైపెండు అని పేరు మార్చినంత మాత్రాన ఆ మొర ఆగదు.

ఇంకొకటి. అప్రెంటిస్ చట్టంలో ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ చోట్లు కేటాయించే సెక్షన్ ఉంది. కానీ 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా వల్ల క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. 1956లో సిక్కు దళితులను, 1990లో బౌద్ధ దళితులను చేర్చారు. మనల్ని ఇంకా చేర్చలేదు. తెలంగాణ, ఆంధ్రలలో బీసీ-సి కింద ఒక శాతంలో సర్దుకోమన్నారు. ఆ పేరా తీసేయమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. సుప్రీంకోర్టులో 2004 నుంచి కేసు నడుస్తోంది. ఒకే వీధిలో పుట్టి, ఒకే అవమానం పడి, ఒకరు చర్చికి వెళ్ళినందుకు శిక్షణ చోటు పోగొట్టుకోవడం ఏ న్యాయం? ఆ పోరాటం ఆగదు. అది తేలేదాకా మన పిల్లలు చేతులు కట్టుకుని కూర్చోనూ కూడదు. మీలో అర్హత ఉన్నవారు 371(జె) కింద కల్యాణ కర్ణాటక అర్హత పత్రం ఇప్పుడే తీసి పెట్టుకోండి. బీసీ పత్రం, ఆదాయ పత్రం కూడా. చివరి రోజున తహసీలు ఆఫీసు ముందు నిలబడితే పని కాదు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. భయం మాకు అర్థమవుతుంది. షిఫ్టు ఎన్నింటికి విడుస్తారు, బస్సు ఉందా, హాస్టలు ఉందా, ఫిర్యాదు కమిటీ ఉందా, ఈ నాలుగూ అడగండి. జవాబులు సరిగా ఉంటే పంపండి. ఊరికే వద్దనకండి.

సంఘం ఏం చేయగలదు

మెదక్ గుడి కట్టిన కథ మన ఇళ్ళల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కరువు రోజుల్లో పోస్నెట్ దొర గుడి పని పెట్టి జనానికి కూడు పెట్టాడని, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిందని. గుడి కట్టడం, పని ఇవ్వడం ఆనాడు వేరు వేరు పనులు కాలేదు. ఈనాడు మనం కొత్త గుడి కట్టనక్కర లేదు. ఉన్న గుడి తలుపు రాత్రి పది దాకా తెరిస్తే చాలు. నాలుగు బల్లలు, రెండు ట్యూబులైట్లు, ఒక ఇంటర్నెట్ కనెక్షను. షిఫ్టు దిగి వచ్చిన పిల్లవాడికి ఇంట్లో టీవీ మోత మధ్య లెక్క సాగదు. ఇక్కడ సాగుతుంది.

సంఘంలో చదువుకున్న ఒకరిద్దరు పోర్టల్ చూసే బాధ్యత తీసుకోండి. ఏ పిల్లవాడు ఎక్కడ చేరాడు, ఒప్పందం నంబరు ఎంత, స్టైపెండు పడుతోందా అని ఒక పుస్తకంలో రాయండి. మహిళా కూడికలో ఫీజు కోసం చిన్న నిధి పెట్టండి, వడ్డీ లేకుండా.

మన సొంత ఇంటి మాట కూడా అనాలి. మన క్రైస్తవ ఆసుపత్రులు, బడులు, హాస్టళ్ళు ఎన్ని ఉన్నాయి! అక్కడ జనరేటర్లు, పంపులు, ఎక్స్‌రే యంత్రాలు, కంప్యూటర్లు ఉన్నాయి. 30 మంది దాటిన చోట అప్రెంటిస్‌లను తీసుకున్నామా? తీసుకుంటే పదో తారీఖులోపు స్టైపెండు ఇచ్చామా? సేవ పేరుతో పని చేయించుకుని చేతులు దులుపుకోలేదు కదా? లోకాన్ని అడిగే ముందు మనల్ని మనం అడుగుదాం.

ముగిస్తాం.

యేసుప్రభువు తన ఊరైన నజరేతులో సమాజమందిరానికి వెళ్ళి, గ్రంథం విప్పి చదివాడని లూకా 4వ అధ్యాయం చెబుతుంది. ఆ ఊరివాళ్ళే ఇతను వడ్లవాడు కాడా అని అభ్యంతరపడ్డారని మార్కు 6వ అధ్యాయంలో ఉంది. ఉలి పట్టిన చెయ్యి గ్రంథం విప్పడం వాళ్ళకు మింగుడు పడలేదు. ఇవాళ కూడా కొందరికి మింగుడు పడదు. ప్రెస్సు దగ్గర నిలబడే పిల్లవాడు డ్రాయింగు గీయడం, వైండింగు చుట్టే ఆడపిల్ల ఇంజనీరు అని సంతకం పెట్టడం. వాళ్ళకు మింగుడు పడకపోతే పోనీయండి.

రెండు వేళ్ళు పోగొట్టుకున్న మా తమ్ముడు ఈ మధ్య మళ్ళీ పుస్తకాలు తీశాడు. ఎడమ చేత్తో రాయడం అలవాటు చేసుకుంటున్నాడు. వచ్చే ప్రవేశ పరీక్షకు దరఖాస్తు మేమే నింపాం. ఈసారి కాగితాలన్నీ చూశాకే సంతకం పెట్టాడు. అతని కోసం ప్రార్థించండి. ఈ గదిలో ఉన్న ఒక్కొక్కరి కోసం మేమూ ప్రార్థిస్తాం. కూడిక అయ్యాక బయట బల్ల దగ్గర ఉంటాం. సర్టిఫికెట్లు, ఫోన్లు పట్టుకుని రండి. ఈ రాత్రే ఎంతమంది పేర్లు నమోదు చేయగలమో చూద్దాం.

దేవుడు మీ చేతుల పనిని, మీ చదువును దీవించును గాక. ఆమేన్.